డబ్బాలో చిలక

రాజుల చరిత్ర శాసనాల్లో ఉంది. దొరల చరిత్ర కలెక్టరాఫీసు కాయితాల్లో ఉంది. మరి ఇల్లాలి చరిత్ర ఎక్కడుందండీ అంటే, నన్నడిగితే చేటలో ఉందంటాను. ఏ గింజ ఏ యేటి పంటో, ఎన్ని నెలలు నిలవుందో, ఎంత పురుగు తిన్నదో, ఎంత మనకి మిగిల్చిందో, ఈ లెక్కలన్నీ వందల ఏళ్ళుగా చేటమీదే నడిచాయి. కాకపోతే పని అవగానే చేట దులిపేస్తాం కదా! అంచేత ఆ చరిత్ర ఎవరికంటా పడలేదు.

ఆ చరిత్రలో ఒక చిన్న పాత్ర గురించి ఇవాళ చెప్పుకుందాం. మీరందరూ ఎరిగినదే. వానాకాలం మధ్యాహ్నం బియ్యం డబ్బా మూత తీస్తారు. బూడిదరంగులో చిటికెనవేలి గోరంత ప్రాణి ఒకటి తపతపా కొట్టుకుంటూ పైకి లేచి, మీ ముక్కుపక్కనించి పోయి గోడకి అతుక్కుంటుంది. చెయ్యెత్తేలోగా అక్కడ ఉండదు. అదే బియ్యపు చిలక. రామచిలకకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. సీతాకోకచిలకకి మాత్రం కాస్త పేద చుట్టం.

చిత్రమేమిటంటే ఈ ఎగిరే చిలక ఒక్క గింజయినా తినదు. పాపం, దాని ఆయుర్దాయమే వారం పది రోజులు. ఆ కాస్తలో వంద పైచిలుకు గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుంది. తినేదంతా బిడ్డలే. సూది మొనంత పురుగుగా పుట్టి, నోట్లోంచి పట్టులాంటి దారం తీసి, గింజకీ గింజకీ ముడివేసి, మధ్యలో ఇల్లు కట్టుకుని కూర్చుంటుంది. 'బియ్యం తుట్టె కట్టాయే' అంటామే, ఆ తుట్టె దాని ఇల్లు. మన ఎండలకీ ఉక్కకీ గుడ్డునించి చిలక దాకా నెలన్నర చాలు. ఉగాదికి ఒక్క చిలకని ఉపేక్షిస్తే వినాయకచవితికి ఉండ్రాళ్ళ రవ్వంతా దానిదే.

దీని పేర్లలోనే సగం భూగోళం ఉంది. 1866లో స్టెయిన్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు దీన్ని పుస్తకానికెక్కించాడు. ఇప్పుడు శాస్త్రంలో దీని పేరు కార్సైరా సెఫలోనికా. రెండూ గ్రీసు దేశపు దీవుల పేర్లు. మన కాటన్ చీర కట్టుకున్న పిల్లని ఎలిజబెత్ అని పిలిచినట్టుంది కదూ! దీనికి దాయాది ఒకటుంది, వడ్ల చిలక. పొట్టు తియ్యని ధాన్యాన్ని పడుతుంది. దాని ఇంగ్లీషు పేరులో ఫ్రాన్సు దేశపు ఆంగుమువా అనే సీమ ఉంది. ఇంకొకటి పడమటి దేశాల వంటిళ్ళలో రాజ్యమేలుతోంది. దానికి ఇండియన్ మీల్ మాత్ అని పేరు. అది వినగానే మన పరువు పోయిందని బాధపడనక్కర్లేదు. అమెరికాలో పూర్వం మొక్కజొన్న పిండిని ఇండియన్ మీల్ అనేవారు. అక్కడి ఆదివాసుల పంట కనక ఆ పేరు. ఆ పిండిలో కనిపించిన పురుగు కనక 1856లో ఫిచ్ అనే ఆయన ఆ పేరు పెట్టాడు. మన దేశానికీ ఆ పేరుకీ ఏమీ సంబంధం లేదు.

ఇక మన గోదావరి సీమకి వద్దాం. మా డెల్టా ఎప్పుడూ ఇలా పచ్చగానే ఉండేదని పిల్లలు అనుకుంటారు. పక్కనే గోదావరి పారుతున్నా గాదెలు ఎండిపోయిన రోజులున్నాయి. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, వచ్చిన కరువుని మన పెద్దలు నందన కరువన్నారు. గుంటూరుసీమ దానికి ఎక్కువ బలయిందిగానీ గోదావరీ తప్పించుకోలేదు. వరస కరువులూ తుపానులూ వలసలూ కలిసి రాజమండ్రి జిల్లాని ఎంత ఊడ్చేశాయంటే, 1821 ప్రాంతంలో 7 లక్షల 38 వేలున్న జనం, ఇరవై ఏళ్ళు తిరిగేసరికి 5 లక్షల 61 వేలకి దిగిపోయారు. జనం పెరగవలసిన కాలంలో నాలుగో వంతు తరిగిపోవడమంటే ఏమిటో, ఎన్ని పొయ్యిలు ఆరిపోయాయో ఊహించుకోండి.

ఆ తరవాత కథ మీకు తెలుసు. ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా నదికి అడ్డంగా కట్టారు. కాలవలు తవ్వారు, పొలాల్లోకి నీళ్ళొచ్చాయి, పడవలు నడిచాయి. కాకినాడ రేవునించి బియ్యం ఓడలెక్కాయి. కాటన్ దొర విగ్రహాలు ఊరూరా ఉన్నాయి, ఉండవలసిందే. కానీ నాకొక సందేహం. కాలవ నీళ్ళు ధాన్యాన్ని కళ్ళం దాకా తెచ్చి వదిలేస్తాయి. అక్కణ్ణించి మళ్ళీ పంట వచ్చేదాకా, ఏడాది పొడుగునా ఆ ధాన్యాన్ని ఎవరు కాపాడారు? పండించడం ఒక విద్య అయితే నిలవ చెయ్యడం ఇంకో విద్య. మొదటిదానికి ఇంజనీర్లున్నారు. రెండోదానికి మన అమ్మమ్మలూ మామ్మలూ తప్ప ఎవరున్నారు?

మగవాళ్ళు చేసిన పని లేకపోలేదు. గాదె కట్టడం, పురి కట్టడం వాళ్ళ పని. గాదె అంటే వెదురు దబ్బలతో అల్లి, లోపలా బయటా మట్టీ పేడా కలిపి మెత్తి, రాళ్ళమీద ఎత్తుగా నిలబెట్టి పైన గడ్డి కప్పిన బుల్లి ఇల్లు. ఎత్తు ఎందుకంటే నేల చెమ్మ తగలకుండా, పందికొక్కు కన్నం వెయ్యకుండా. గాదె కింద పందికొక్కు అనే మాట ఊరికే పుట్టలేదు. పురి దానికంటే సులువు. ఎండుగడ్డి పేని బారెడు బారెడు వెంటి చేసి, దాన్ని చుట్టలు చుట్టలుగా పైకి లేపుకుంటూ మధ్యలో ధాన్యం పోస్తూ పోవడమే. చూస్తూండగా వాకిట్లో పెద్ద కుండలాంటిది లేచేది. ఆ ఇంటి ఐశ్వర్యమెంతో వీధిలోంచే తెలిసిపోయేది. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు ముందు చూసేది పురినే, పిల్లని తరవాత.

గరిసె అన్న మాట కూడా మనదే. ధాన్యం పోసే కొట్టుకీ, ఒక పెద్ద కొలతకీ కూడా అదే పేరు. కుంపినీవాళ్ళు ఆ మాటని ఎత్తుకుపోయి గార్స్ అని తమ లెక్కల పుస్తకాల్లో రాసుకున్నారు. తవ్వ, మానిక, కుంచం మన వంటింట్లో ఉండిపోతే, గరిసె మాత్రం దొరతనం వెలగబెట్టిందన్నమాట. మెట్టసీమల్లో భూమిలో గొయ్యి తవ్వి జొన్నలు పాతర వేసేవారు. మన లంకల్లో, కోనసీమలో రెండు గజాలు తవ్వితే నీళ్ళు ఊరతాయి. పాతర వేస్తే ధాన్యం మొలకెత్తడమే. అందుకని మనం భూమి లోపలికి కాకుండా పైకి కట్టుకున్నాం. ఏ నేలకి తగ్గ తెలివి ఆ నేలమీదే పుడుతుంది.

వీటన్నిటికంటే పెద్ద రహస్యం ఇంకొకటుంది. పూర్వం మనవాళ్ళు నిలవ చేసింది ధాన్యాన్ని. బియ్యాన్ని కాదు. వడ్లగింజ పొట్టు గట్టి కవచం. పగుల్లేని పొట్టుని ముక్కపురుగు తొలవలేదు, బియ్యపు చిలకకి లోపలికి దారి దొరకదు. ఒక్క వడ్ల చిలక పిల్ల మాత్రం ఏ సందులోంచో దూరి, ఒకే గింజలో పుట్టి, ఆ ఒక్క గింజనీ తిని, గుండ్రంగా చిన్న కిటికీ కోసుకుని బయటికొస్తుంది. అదయినా పైపైనే, జానా బెత్తెడు లోతు వరకే. అడుగు ధాన్యం భద్రంగా ఉంటుంది. మనకేమో కొత్తబియ్యం అన్నం ముద్దయిపోతుందని, పాతబియ్యమే వండాలని పట్టుదల. ఏడాది నిలవుంటేగానీ పాతది కాదు. కవచంతో ఉంచితేగానీ ఏడాది నిలవుండదు.

మరి ఆ కవచం తియ్యడం ఎవరి పని? పదిరోజులకొకసారి కాస్త ధాన్యం తీసి దంపుకోవడం ఆడవాళ్ళ పని. రోకటిపోటు వినసొంపుగా ఉంటుందని కవులు రాశారుగానీ, రోకలి పట్టిన చేతుల్ని ఎవరూ చూడలేదు. అంచేత రైసుమిల్లు వచ్చినప్పుడు మన ముందుతరంవాళ్ళు సంతోషించారంటే నేను తప్పుపట్టను. ఇరవయ్యో శతాబ్దంలో డెల్టా ఊళ్ళలో మిల్లు గొట్టాలు లేచాయి. దంపుళ్ళ బాధ తప్పింది. కానీ కవచం ఒలిచిన బియ్యం బస్తాలకి బస్తాలు ఇంటికి చేరి నెలల తరబడి కూర్చున్నాయి. చిలకకి తలుపు బార్లా తెరిచినట్టయింది. మన భుజాలనొప్పి పోయి కళ్ళనొప్పి మొదలయింది. ముందు దంపేవాళ్ళం, ఇప్పుడు ఏరుతున్నాం.

ఇక పురుగుమీద మనవాళ్ళ అస్త్రాలు చూడండి. మొదటిది ఎండ. రోహిణికార్తె ఎండలో చాపలమీద పప్పులూ ధాన్యమూ పోసి, కాళ్ళతో గీతలు గీస్తూ తిరగెయ్యడం. ఆరిందో లేదో చూడ్డానికి మా మామ్మ ఒక గింజ పంటికింద పెట్టేది. టక్‌మని విరిగితే 'ఎత్తండర్రా' అనేది. మెత్తగా నలిగితే ఇంకో పూట ఎండ. ఇప్పుడు శాస్త్రజ్ఞులు గింజలో తేమ నూటికి పన్నెండు, పధ్నాలుగు పాళ్ళకి దిగాలంటారు. ఆ యంత్రం మామ్మ నోట్లోనే ఉండేది.

ఈ ఎండ వైద్యానికి ఫ్రాన్సులో ఎంత హంగామా జరిగిందో చెప్పొద్దూ! ఇందాక ఆంగుమువా అన్నాను కదా, అక్కడ ఈ వడ్ల చిలకే గోధుమల్ని నాశనం చేస్తూంటే జనం గగ్గోలు పెట్టారు. 1760లో పారిస్‌లోని సైన్సు అకాడమీ డ్యుహమెల్ డు మాన్సో, టిల్లే అనే ఇద్దరు పండితుల్ని అక్కడికి పంపింది. వాళ్ళు చూసి, పరీక్షించి, 1762లో ఒక పుస్తకమే అచ్చువేశారు. వాళ్ళు చెప్పిన ముఖ్యమైన చికిత్స ధాన్యాన్ని పొయ్యి వేడిమీద వెచ్చబెట్టమని. వాళ్ళకి రోహిణికార్తె లేదు మరి, పొయ్యి వెలిగించుకోవలసి వచ్చింది. వాళ్ళ పని గొప్పదే, కాదనను. కానీ ఆ పనికి పుస్తకం మిగిలింది, పేర్లు మిగిలాయి. చాప పరిచిన ఆవిడకి చాప కూడా మిగల్లేదు.

రెండోది బూడిద. పెసలూ మినుములూ బూడిదలో కలిపి కుండలో పోసి మూతికి మట్టి మెత్తేవారు. బూడిద రేణువులు పురుగు ఒంటిమీది నూనెపొరని గీరేస్తాయి. ఒంట్లో నీరు ఇగిరిపోయి చస్తుంది. మూతి మూసిన కుండలో గాలీ చాలదు. మూడోది ఆముదం. కందిపప్పుకి కాస్త ఆముదం రాసి ఎండబెట్టడం మన ఇళ్ళలో మొన్నమొన్నటిదాకా ఉంది. నూనె పట్టిన గింజమీద గుడ్డు పెట్టినా దానికి ఊపిరాడదు. అసలు కందుల్ని పప్పు చెయ్యడమే ఒక రక్షణ. పుచ్చుపురుగు గుడ్లు పెట్టేది ముడిగింజమీద. రెండు బద్దలయ్యాక దానికి అక్కడ పనిలేదు. నాలుగోది వేపాకు. వేప పురుగుని టక్కున చంపెయ్యదు. అక్కడ తినబుద్ధి కాకుండా, గుడ్లు పెట్టబుద్ధి కాకుండా చేస్తుంది. నీడన ఆరబెట్టిన ఆకే వెయ్యాలి సుమా. పచ్చిఆకు వేస్తే దాని చెమ్మకి ఇంకో బాధ. చూరుకి వరికంకుల కుచ్చులు కట్టడం కూడా ఊరికే కాదు. కంకులకోసం వచ్చిన పిచికలు పిల్లల కోసం పురుగుల్నీ ఏరుకుపోతాయి.

ఇదంతా ఎవరూ నేర్పిన చదువు కాదు. అత్తగారు కోడలికి, తల్లి కూతురికి, తిడుతూనో నవ్వుతూనో అందించిన విద్య. మన విద్యలకి విలువ ఎలా వస్తుందో చూడండి. వేపనూనెతో బూజుతెగుళ్ళని అదుపుచేసే పద్ధతిమీద 1994లో యూరపులో ఒక అమెరికా కంపెనీకీ అక్కడి వ్యవసాయ శాఖకీ కలిపి పేటెంటు ఇచ్చారు. మనవాళ్ళకి ఇది ఎప్పణ్ణించో తెలుసని వాదిస్తే 2000లో దాన్ని రద్దు చేశారు. అప్పీలు కూడా 2005లో కొట్టేశారు. మన ఇంటి పెరట్లోని సంగతి మనదని రుజువు చేసుకోవడానికి పదేళ్ళు పట్టింది.

ఆ తరవాత పొడుల కాలం వచ్చింది. 1939లో డీడీటీ పురుగుల్ని చంపుతుందని కనిపెట్టిన పాల్ ముల్లర్‌కి 1948లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మన ఊళ్ళలో డీడీటీ, గమాక్సిన్ అంటే తెలియని ఇల్లు లేదు. గాదెల చుట్టూ చల్లారు, బస్తాలమీద చల్లారు. కొన్నిచోట్ల ధాన్యంలోనే కలిపారు. పురుగు చచ్చింది. దానితోబాటు ఆ విషం మన అన్నంలోకీ, పాలలోకీ వచ్చి చేరింది. ఆఖరికి గమాక్సిన్ జాతి మందుని మన ప్రభుత్వం 1997లో నిషేధించింది. 1965లో ఆహార సంస్థ పుట్టి పెద్ద పెద్ద గోడౌన్లు వచ్చాక, బస్తాల గుట్టమీద టార్పాలిన్ కప్పి లోపల అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు పెట్టడం మొదలయింది. గాలిలో చెమ్మ తగిలితే ఆ మాత్ర విషవాయువు విడుస్తుంది. గోడౌనులో తెలిసినవాళ్ళ చేతిలో అది మంచి సాధనమే. కానీ ఇంట్లో, మనుషులు పడుకునే చోట, బియ్యం బస్తా పక్కన పెట్టారా, పురుగుకీ పిల్లాడికీ తేడా దానికి తెలియదు. చట్టప్రకారం అది మామూలు ఇళ్ళకి అమ్మకూడదు. ఎవరైనా తెచ్చి ఇచ్చినా గుమ్మం దాటనివ్వకండి. అలాగే బోరిక్ పౌడరు. మన డెల్టాలో బియ్యంలో అది కలపని ఇల్లు అరుదు. కడిగితే పోతుందిలే అనుకుంటాం. ఆహారంలో కలపడానికి అనుమతి లేని వస్తువది. పొడి కలిపి కడుక్కుని తినేకంటే ఒక పూట ఎండబెట్టుకోవడం మేలు కాదూ!

ఇంత దుమ్మెత్తిపోశాక చిలకకి న్యాయం కూడా చెయ్యాలి. మీరు నమ్మండి, నమ్మకపొండి, మన డబ్బాలోంచి తరిమేసే ఈ బియ్యపు చిలకనే ప్రయోగశాలల్లో ట్రేలలో జొన్నరవ్వ పోసి మేపుతున్నారు. దాని గుడ్లని అట్టముక్కలమీద అంటించి, వాటిలో ట్రైకోగ్రామా అనే నలుసంత పరాన్నజీవిని పెంచుతారు. ఆ అట్టల్ని పొలాల్లో కడితే, ఆ నలుసులు బయటికొచ్చి వరిలో కాండం తొలిచేపురుగు గుడ్లనీ, ఆకుముడత పురుగు గుడ్లనీ, చెరకు పీకపురుగు గుడ్లనీ నాశనం చేస్తాయి. అంటే మన గాదెలోని దొంగ మన పొలానికి కావలివాడన్నమాట. ఇలాంటిదే ఇంకో కథ. 1911లో జర్మనీలో, థురింజియా సీమలోని ఒక పిండిమిల్లునించి వచ్చిన జబ్బుపడ్డ పిండి చిలక పురుగుల్లో బెర్లినర్ అనే శాస్త్రజ్ఞుడు ఒక సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. 1915లో దానికి బాసిల్లస్ థురింజియెన్సిస్ అని పేరు పెట్టాడు. మన దేశంలో 2002లో అనుమతి పొంది, మన గుంటూరు రైతుల నోళ్ళలో నలిగిన బీటీ పత్తిలోని బీటీ అదే. పిండిడబ్బాలో పురుగు పుట్టించిన చరిత్ర ఇంతా అంతా కాదు!

ఇప్పుడు మన పిల్లలు అమెరికాలోనూ, ఆస్ట్రేలియాలోనూ కాపురాలు పెట్టారు. అక్కడా ఏడాదికి సరిపడా కందిపప్పూ మినప్పప్పూ ఒకేసారి కొనేసుకుంటారు, డెల్టా అలవాటు ఎక్కడికి పోతుంది! అక్కడా చిలకలు లేస్తాయి. 'అమ్మా, పురుగు పట్టింది, ఏం చెయ్యను?' అని ఫోను. దానికి జవాబు ఖండాంతరాలకీ ఒకటే. ముందు అలమారా అంతా ఖాళీ చెయ్యాలి. తుట్టె కట్టినవి మొగమాటం లేకుండా పారెయ్యాలి. అరల మూలలూ, మేకుల కన్నాలూ, డబ్బా మూతల అంచులూ దులపాలి. అక్కడి చిలక పురుగు గూడు కట్టుకోవడానికి పప్పు వదిలి గోడ మూలలకీ సీలింగుకీ పాకుతుంది కాబట్టి పైకి కూడా చూడాలి. కొత్తగా తెచ్చిన పప్పుని నాలుగు రోజులు ఫ్రీజరులో పెడితే గుడ్లు చస్తాయి. రోహిణికార్తె లేనిచోట అదే వాళ్ళ రోహిణికార్తె. తరవాత గాలి చొరని గాజుసీసాల్లో పొయ్యాలి. మగ చిలకల్ని ఆడవాసనతో రప్పించి జిగురుకి అంటుకునేలా చేసే అట్టలు దొరుకుతాయి. అవి ఎన్ని చిలకలున్నాయో చెబుతాయిగానీ, డబ్బాలో పురుగుని చంపవు. ఆ అట్ట తగిలించి నిశ్చింతగా కూర్చోకూడదు.

వాకిట్లో పురులు పోయాయి. నూర్చిన ధాన్యం నూర్చినట్టే కళ్ళంలోంచే లారీ ఎక్కి పోతోంది. పండించిన రైతు ఇంట్లోనే బియ్యం సంచీ బజారునించి వస్తోంది. ఇందులో సుఖం ఉంది, నిజమే. కానీ గింజని ఏడాదిపాటు బతికించుకునే విద్య ఒక తరం నోట్లోంచి ఇంకో తరం చేతుల్లోకి దాటకుండా ఆగిపోతే, అది ఏ పుస్తకంలోనూ దొరకదు. ఎందుకంటే ఎవరూ రాసుకోలేదు. మీ ఇంట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఎవరైనా ఉంటే, ఈ వేసవిలో ఓ నోటుబుక్కు పట్టుకుని పక్కన కూర్చోండి. ఏ పప్పుకి ఏం రాసేవారు, ఏ కుండలో పోసేవారు, ఎన్నాళ్ళకి తీసేవారు అని అడగండి. 'ఇప్పుడవన్నీ ఎందుకే' అని విసుక్కుంటారు. రెండోసారి అడిగితే మాత్రం చెబుతారు.